అద్దం గచ్చుకు కక్కు కొట్టిన మేస్త్రీ

కన్నప్ప మేస్త్రీ పోసిన ఎర్రగచ్చు మొదటిసారి పగుళ్ళు లేకుండా నిలిచింది 1973 మార్చిలో. గుడియాత్తంలో లుంగీల వ్యాపారం చేసే అణ్ణామలై శెట్టి ఇంటి నడవ అది. అంతకుముందు అదే నడవలో రెండుసార్లు పోసి, రెండుసార్లూ పగిలితే తన చేత్తో తనే పెళ్ళగించి పారబోశాడు. మొదటిసారి సున్నం సరిగ్గా మాగలేదు. రెండోసారి కిటికీలోంచి ఎండ పడి ఒక పక్క ముందే ఆరింది. మూడోసారి కిటికీలకు దుప్పట్లు కట్టి, గచ్చు మీద తడి గోనెలు పరిచి, పెళ్ళి కావలసిన వయసులో పదిహేను రోజులు ఆ నడవ పక్కన కట్టెల కొట్టంలోనే కాపురమున్నాడు. నాలుగో వారం గుండ్రాయితో రుద్ది, కొబ్బరినూనె పట్టించి, పాత చీరగుడ్డతో తుడిచాక శెట్టి వచ్చి కిందికి చూశాడు. తన మీసం తనకే కనిపించింది. చెయ్యి దానంతటదే పైకి పోయి మీసం సర్దుకుంది. కన్నప్పకు అప్పుడు ఇరవై రెండేళ్ళు. శెట్టి మీసం సర్దుకున్న సంగతి ఆయన ఆ తరువాత ఎన్ని పందిళ్ళలో, ఎన్ని టీ అంగళ్ళలో చెప్పాడో ఎవరూ లెక్కపెట్టలేదు. చెప్పుకోదగ్గ సంగతే మరి.

ఎర్రగచ్చు అంటే తెలియని పిల్లలు పుట్టుకొస్తున్నారు కాబట్టి రెండు మాటలు చెప్పాలి. సున్నం దిమ్మిస కొట్టి గట్టిచేసిన నేల మీద సిమెంటు, దాని మీద ఎర్రపొడి కలిపిన పలుచని పూత. ఆ పూత ఎంత పెద్ద హాలైనా సరే ఒక్క పగటిలో అయిపోవాలి. మధ్యలో ఆపితే అతుకు కనపడుతుంది. నుదుటి చెమట చుక్క రాలితే అక్కడ మచ్చ. అందుకే మేస్త్రీ తలకు తువ్వాలు కట్టుకుని, మోకాళ్ళ మీద వెనక్కి వెనక్కి జరుగుతూ తాపీ ఆడిస్తాడు. మాట్లాడడు, నీళ్ళు తాగడు. అయిపోయాక కన్నప్పకొక పరీక్ష ఉండేది. అవతలి గోడ దగ్గర దీపం పెట్టించి, ఇవతల బోర్లా పడుకుని, చెంప గచ్చుకు ఆనించి చూసేవాడు. దీపం వెలుగు గీత గీసినట్టు తిన్నగా వస్తే సరి. ఎక్కడ వణికినా ఆ వారమంతా ఇంట్లో భోజనం సయించేది కాదు.

లత్తేరిలో రైసుమిల్లు వాళ్ళ మేడ, బాగాయంలో ఒక డాక్టరమ్మ ఇల్లు, కాట్పాడిలో రెండు కల్యాణ మండపాలు, పేర్ణాంబట్టులో తోళ్ళ వ్యాపారుల ఇళ్ళు పదకొండు. చిన్నాపెద్దా కలిపి నూట నలభైకి తక్కువ లేవు. రాయవేలూరు నుంచి గుడియాత్తం దాకా ఎర్రగచ్చు మాటొస్తే కన్నప్ప పేరు రాకుండా పోయేది కాదు. అయిదో తరగతి దాకా అరవ బడిలో చదువు. ఇంట్లో మాట తెలుగు, చేతికి వచ్చిన రాత అరవం. ఇప్పుడీ రాసింది కూడా ఎవరైనా చదివి వినిపిస్తేనే ఆయనకు తెలిసేది.

అంతటి మనిషి ఒక్క సంగతి మాత్రం ఎవరికీ చెప్పేవాడు కాదు. అది తల్లి కుప్పమ్మ పని.

తండ్రి కుప్పుసామి బావులు తవ్వేవాడు. కన్నప్పకు ఆరేళ్ళప్పుడు బావిలో మట్టి పెళ్ళ విరిగి మీద పడి పోయాడు. తరువాత కుప్పమ్మ భుజానికొక గోనెసంచి, అందులో నాలుగు ఉలులు, ఒక సుత్తి వేసుకుని వీధివీధీ తిరిగేది. "రోళ్ళకు కక్కు కొడతామమ్మా! సన్నికల్లుకు కక్కు కొడతాం!" అని ఆమె కేక వీధి మొదట్లో వేస్తే చివరింటికి వినపడేది. రుబ్బీ రుబ్బీ రోలు అరిగి నున్నబడితే పప్పు నలగదు, జారిపోతుంది. దాని మీద ఉలితో సన్న గంట్లు దట్టంగా వేస్తే మళ్ళీ గరుకు పుడుతుంది. అదే కక్కు. ఆ కక్కుతోనే కొడుకును పెంచింది. ఒకసారి జ్వరంతో ఇరవై రోజులు లేవలేకపోతే గంజి తెచ్చి పోసిన వాళ్ళు చర్చి ఆడవాళ్ళు. లేచి నడవగలిగిన మొదటి ఆదివారం కొడుకు చెయ్యి పట్టుకుని ఆ చర్చికి పోయింది, ఇక మానలేదు. కన్నప్పకు అక్కడ పెట్టిన పేరు రిజిస్టరులోనే ఉండిపోయింది, పిలిచేవాళ్ళు లేరు. చుట్టాలంతా గంగమ్మనే కొలిచారు. అయినా పెళ్ళిళ్ళకూ చావులకూ ఎవరూ ఎవరినీ విడిచిపెట్టలేదు.

1975లో కన్నప్ప పెళ్ళినాడు పెళ్ళికూతురు చెంగమ్మ తరఫు పెద్దమనిషి ఒకాయన "పిల్లగాడు ఎవురి కొడుకప్పా?" అని అడిగితే, పందిట్లో ఎవరో "రోళ్ళు కొట్టే కుప్పమ్మ కొడుకు" అన్నారు. ఎర్రగచ్చు మేస్త్రీ అని ఎవరూ అనలేదు. శెట్టి నడవ సంగతి ఎత్తలేదు. ఆ నెల తిరక్కుండానే కన్నప్ప తల్లి సంచిని అటక మీద పెట్టించాడు. "నువ్వింక వీధుల్లో అరచల్లేదు, కూకోని తిను" అన్నాడు. ప్రేమే కాదనలేం, కానీ అంతా ప్రేమ కాదు. కుప్పమ్మ ఎదురు చెప్పలేదు. "నా రోళ్ళు కొన్ని ఎదురు చూస్తావుంటాయి రా" అని మాత్రం రెండుసార్లు అన్నది. 1986లో పోయింది.

తొంభై ఒకటి తరువాత ఊళ్ళ ముఖాలు మారిపోయాయి. తోళ్ళ కంపెనీల్లో డబ్బు ఆడింది. పాత ఇళ్ళు కూల్చి మేడలు కట్టేవాళ్ళు ఎక్కువయ్యారు. ఉత్తరాది నుంచి లారీల్లో టైల్సు పెట్టెలు దిగాయి. చెంగమ్మ తమ్ముడు అంకప్ప కన్నప్ప దగ్గరే తాపీ పట్టినవాడు, టైల్సు పని నేర్చుకుని చేతినిండా సంపాదిస్తున్నాడు.

"బావా, నీ గచ్చుకు నెల, నా టైల్సుకు మూడు దినాలు. పెండ్లి కొడుకు గడ్డం పెరగనిస్తాడా నీకోసరం?" అనేవాడు.

"నీది అతుకుల బొంతరా. నాది ఒకే గుడ్డ."

"ఒకే గుడ్డ కట్టుకునేవోళ్ళు తగ్గిపోయినారు బావా!"

నిజమే. 1993లో కన్నప్పకు మొత్తం మీద రెండే పనులు వచ్చాయి. అలాంటప్పుడు, మరుసటేడు, గుడియాత్తం ఊరి చివర కాట్పాడి రోడ్డు మీద చర్చిని కొత్తగా కడుతుంటే నేల మాట వచ్చింది. కార్యదర్శి గుణశేఖర్ టైల్సు అన్నాడు. కన్నప్ప లేచి నిలబడి, "కూలి ఒక్క పైసా వద్దు, నేను పోస్తాను. ఒక్క మాట ఇయ్యండి చాలు. ఆ గచ్చు మీద చెప్పు పడకూడదు" అన్నాడు. అందరూ ఒప్పుకున్నారు.

అరవై అడుగుల పొడవు, ముప్పై అడుగుల వెడల్పు. తెల్లవారుజామున మొదలుపెట్టి పొద్దు గూకేలోగా ఎనిమిది మంది కూలీలతో ఒక్క అతుకు లేకుండా పోశాడు. గేటు నుంచి వాకిలి దాకా ముప్పై అడుగుల ముంగిలి కూడా అదే గచ్చు, అదే నునుపు. ప్రతిష్ఠనాడు వచ్చిన బిషప్పుగారు గోడ మీది సిలువ నేలలో తలకిందులుగా కనపడుతుంటే ప్రార్థన మొదలుపెట్టడం మరచి చూస్తూ నిలబడ్డారట. పాస్టరు ప్రభాకరన్ మేస్త్రీని పేరు పెట్టి పిలిస్తే కన్నప్ప లేచాడు. మూడువందల మంది చప్పట్లు. ఆ రోజు ఆయనను రోళ్ళు కొట్టే కుప్పమ్మ కొడుకని ఎవరూ అనలేదు.

చెప్పులు గేటు దగ్గరే విడవాలని బోర్డు పెట్టించి, ఆ తరువాత ప్రతి ఆదివారం వాకిట్లో చేతులు కట్టుకుని నిలబడేవాడు. పాస్టరయ్య బూట్లు సైతం గేటు దగ్గరే. ఒకసారి గుణశేఖర్ "మేజోళ్ళ సంగతేంది మేస్త్రీ?" అని ఎగతాళిగా అడిగితే, "మేజోళ్ళు పరవాలేదు, గచ్చును తుడుస్తాయి" అన్నాడు నవ్వకుండా.

ఎండాకాలంలో ఆరాధన ముగిసేసరికి మిట్టమధ్యాహ్నం. ముంగిలి పెనంలా కాలేది. జనం పంచెలూ చీరలూ ఎత్తిపట్టి గేటు దాకా గెంతుతూ పోయేవాళ్ళు. బావకు అన్నం కేరియరు తెచ్చే అంకప్ప గేటు బయట నిలబడి, "అడేయప్పా! ఆవాలు చిటపటలాడినట్టు ఎట్ల ఎగురుతాండారో చూడు. మా గంగమ్మ జాతరలో నిప్పులు తొక్కేవోళ్ళే నయం" అని నవ్వేవాడు.

గెంతని మనిషి ఒక్కతే ఉండేది. చౌడమ్మ.

చౌడమ్మకు అరవై దాటాయి. కౌండిన్య ఏటి గట్టున ఒంటి గుడిసె. పిల్లప్పుడే పెద్దరోగం, అంటే కుష్టు, వచ్చింది. మందులతో ఎప్పుడో నయమైంది, కానీ వేళ్ళు ముడుచుకుపోయి ఉండేవి. కాళ్ళకు వేలూరు దగ్గరి ఆసుపత్రిలో కుట్టి ఇచ్చిన మందపాటి రబ్బరు చెప్పులు. వాటిని గేటు దగ్గర పక్కపక్కన చక్కగా పెట్టి వచ్చి, వాకిలి పక్కన చివరి చాప మీద కూర్చునేది. ఆ చాప మీద ఇంకెవరూ కూర్చునేవారు కాదు. పొమ్మన్నవాళ్ళు లేరు, దగ్గరికి జరిగినవాళ్ళూ లేరు. మధ్యాహ్నం ఆమె ముంగిలి మీద తాపీగా, రాణిలాగా నడచిపోయేది. కన్నప్పకు అది ఎంతో నచ్చింది.

"చూసి నేర్చుకోండి! గచ్చుకు మర్యాద ఇయ్యడమంటే అట్ల. ఎంత ఓర్పు ఆయమ్మకు!" అని గెంతే వాళ్ళను మందలించేవాడు. రెండు ఎండాకాలాలు ఆ మాటే అన్నాడు. అంత తెలిసిన మేస్త్రీకి, అంతమంది చదువుకున్నవాళ్ళున్న సంఘానికి, ఆ నడక ఓర్పు కాదేమోనని ఒక్కరికీ తట్టలేదు.

1996 మే పన్నెండు ఆదివారం, గంగమ్మ సిరసు తిరునాళ్ళకు మూడు రోజుల ముందు. ఆరాధన అయ్యాక కన్నప్ప అలవాటు ప్రకారం గుడ్డ పట్టుకుని గచ్చు చూస్తూ వచ్చాడు. చివరి చాప నుంచి వాకిలి దాకా మరకలు. ముదురు రంగువి, ఏడెనిమిది. ఎర్ర నేల మీద ఎర్ర మరక అంత సులువుగా కనపడదు, ఆయన కంటికి కాబట్టి కనపడింది.

"ఎవురు రా ఆకువక్క ఉమిసింది? దేవుని ఇల్లా, బస్టాండా ఇది?" అని కేకలేశాడు. వంగి తుడిచాడు. గుడ్డ చూసుకున్నాడు. అది ఆకువక్క కాదు.

మరకలు వాకిలి దాటి ముంగిలి మీదుగా గేటు దాకా పోయాయి. గేటు దగ్గర చౌడమ్మ గోడకు ఆనుకుని, మోడు చేత్తో చెప్పు వారు ఎక్కించుకోవడానికి తంటాలు పడుతోంది.

"అవ్వా, కాలు చూపీ."

"ఏముండాది నాయనా? చెమ్మగా ఉంటే నీళ్ళు తొక్కినానేమో అనుకున్నా."

కన్నప్ప కూర్చుని ఆమె పాదం తన తొడ మీద పెట్టుకున్నాడు. పోయిన ఆదివారం లేచిన బొబ్బలు పగిలి అరికాలంతా పచ్చిపుండు. మడమ దగ్గర చర్మం గచ్చుకు అంటుకుని ఊడివచ్చింది.

"కాలలేదా అవ్వా నీకు? ఇంత కాలితే తెలవలేదా?"

"నాకెట్ల తెలుస్తాది కన్నప్పా? నలభై ఏండ్లయె ఆ కాళ్ళు నాతో మాట్లాడి. కండ్లతో చూసుకుంటే తెలిసేది. ఇప్పుడు కండ్లూ మసకలైపోయె." ఆమె తన కాలి వైపు కాక ముంగిలి వైపు చూసింది. "అయ్యో, నీ గచ్చంతా పాడు చేసినానే! మనసులో పెట్టుకోవద్దు నాయనా. రేపొచ్చి కడిగిస్తాను."

అంకప్ప కేరియరుతో నిలబడి ఉన్నాడు. దాన్ని గోడ మీద పెట్టేసి ఆటో పిలవడానికి పరుగెత్తాడు.

ఆసుపత్రిలో కట్టు కట్టిన నర్సమ్మ కోప్పడింది. "చెప్పు లేకుండా ఒక్క అడుగు వేయొద్దని ఎన్నిసార్లు చెప్పినాం? ఎవురు విప్పమన్నారు?"

కన్నప్ప నోరు తెరవబోయాడు. చౌడమ్మ ముందే, "ఎవురంటారమ్మా, నాకే మతి లేదు" అనేసింది. డాక్టరు చూసి, పుండు ఎముక దాకా దిగితే పాదం ఉండదని, ఆరేడు వారాలు కాలు కింద పెట్టకూడదని చెప్పాడు.

మంచం మీద పడుకుని చౌడమ్మ పైకప్పు ఫ్యాను వైపు చూసి నవ్వింది. "రెండు పూట్లా కూడు, తలమీద గాలి, పక్కమంచంలో మాట్లాడేదానికి మనిషి. కాలు కాలితే కాలిందిగానీ నాయనా, నాకిది తిరునాళ్ళే." తరువాత అడగకుండానే చెప్పింది. "మీయమ్మ ఉన్నిన్ని నాళ్ళూ నాకేమీ కొదవ లేదు. మా గుడిసె రోలును తాకేవోళ్ళు ఎవురుండారు? కుప్పమ్మ నెలకొకసారి వచ్చి, మా గడపలోనే కూకోని కక్కు కొట్టి, నా చేతి నీళ్ళు తాగి పోయేది. ఆయమ్మ రావడం నిలిచినాక ఆ రోలు నున్నబడిపోయె. నేను రుబ్బడమూ మానేసినా."

తల్లి చెప్పిన ఎదురు చూసే రోళ్ళు ఏవో ఇరవై ఒక్క ఏళ్ళకు తెలిశాయి కన్నప్పకు. బస్సులో కాట్పాడి దాకా తల ఎత్తలేదు.

మరునాడు పాస్టరు ప్రభాకరన్ ఇంట్లో సంఘం పెద్దలు నలుగురూ కూర్చున్నారు. చెప్పులతో లోపలికి రానివ్వాలని కన్నప్ప అన్నాడు. గుణశేఖర్ ఆశ్చర్యపోయాడు. "ఆ బోర్డు నువ్వు పెట్టించిందే కదా మేస్త్రీ? ఆయమ్మ ఒక్కతికోసం అందరూ చెప్పులేసుకొని తొక్కాలనా? ప్రభుభోజనం రొట్టె, ద్రాక్షరసం ఇంటికే పంపిస్తే పోలేదా?"

"ఇంటికి పంపిస్తే ఆయమ్మ తినిందో లేదో మనకు తెలుస్తాది. వచ్చిందో రాలేదో ఎవురు చూస్తారు?" అన్నాడు కన్నప్ప. "రెండేండ్లు నా కండ్లముందరే కాలు కాల్చుకుంటా పోయింది సార్. నేను అందరికీ చూపించి మెచ్చుకున్నా."

పాస్టరయ్య అరవంలో నెమ్మదిగా అన్నాడు: "నువ్వు చెప్పులొద్దంటే సరేనన్నది మేమే. తప్పంతా నువ్వే ఎత్తుకుపోకు, మాకూ కొంచెం ఉంచు."

బోర్డు తీసేశారు. అయినా ఆ నునుపు మీద చెప్పు జారుతుందేమోనని కన్నప్పకు అనుమానం తీరలేదు. చౌడమ్మ చెప్పుల మాదిరే తనకొక జత కుట్టించుకుని, ఎవరూ లేనప్పుడు గచ్చు మీద నడచి చూశాడు. నాలుగో అడుగులో కాళ్ళు రెండూ ఆకాశం చూశాయి. నడుము నేలకు తగిలింది. వాకిట్లోంచి అంకప్ప గొంతు వినపడింది.

"బావా, దీపం పెట్టమంటావా? బోర్లా కాకుండా ఎల్లకిలా పరీక్షా ఈరోజు?"

"నవ్వు, నవ్వు. ఆయమ్మ పడితే తుంటి విరుగుతాది."

"నునుపు నీ చేతిదే, జారుడూ నీ చేతిదే. నేను టైల్సు ఏసిచ్చేదా? గరుకువి ఉండాయి."

"వద్దు" అన్నాడు కన్నప్ప. ఎర్రగచ్చు చావడం ఆయనకు ఇష్టం లేదు. నిజం చెప్పాలంటే ఇంకొక కారణం కూడా ఉంది. చెన్నై నుంచి ఒక హోటలు కంపెనీ ఇంజినీరు మే ఇరవై ఏడున ఈ గచ్చును చూడడానికి వస్తానని కబురంపి ఉన్నాడు. పాతకాలపు బంగళా పద్ధతిలో నలభై గదుల హోటలు కడుతున్నారట, నలభై గదులకూ ఎర్రగచ్చేనట. ఇరవైమూడేళ్ళ పేరుకు అది పట్టాభిషేకం. చౌడమ్మ ఆసుపత్రిలో ఉండేది జూలై దాకా. ఇంజినీరు వచ్చి పోయేదాకా ఆగి, ఆ తరువాత ఈ గచ్చునే గరుకు చేస్తే ఎవరికీ నష్టం లేదు. కన్నప్ప మనసులో ఆ లెక్క నడిచింది.

నడుముకు ఆముదం రాస్తూ చెంగమ్మ ఆయన చెప్పిందంతా వింది. వినీ వినీ అడిగింది. "ఏమయ్యా, గరుకు చేస్తే ఎంత మేర చేస్తావు?"

"వాకిలి నుంచి ఆయమ్మ చాప దాకా బాట మాదిరి. ముందర పక్క మెరుపు అట్లనే ఉంటాది."

"అంటే చౌడమ్మ సచ్చేదాకా ఆ ఎనక చాపలోనే కూకోవాలని రాసిపెట్టేస్తావు. ఇన్నాళ్ళూ నోటితో చెప్పకుండా కూకోబెట్టినాం, ఇప్పుడు ఉలితో గీస్తావు. అంతే కదా?"

కన్నప్ప లేచి, నడుము పట్టుకుని నిచ్చెన ఎక్కి అటక మీది సంచి దించాడు. నాలుగు ఉలులూ తుప్పు పట్టి ఉన్నాయి. సుత్తి కర్ర మీద తల్లి బొటనవేలు అరగదీసిన గుంట అలాగే ఉంది. తన బొటనవేలు అందులో సరిగ్గా పట్టలేదు, కొంచెం పెద్దది.

ఇంజినీరు కోసం ఆగలేదు. మర్నాడే మొదలుపెట్టాడు. ఎవరూ నమ్మలేదు. మొదటి దెబ్బ బలిపీఠం మెట్టు దగ్గర వేశాడు, దీపం వెలుగు గీతలా వచ్చే చోటే. వెనక నుంచి మొదలుపెడితే ముందరికి వచ్చేసరికి మనసు మారుతుందని తనకే తన మీద భయం. కక్కు కొట్టడం కూడా మాటలతో అయ్యే పని కాదు. లోతుగా పడితే పూత పెచ్చులూడుతుంది, తేలిగ్గా పడితే గరుకు రాదు. మూడు రోజులకు గానీ చెయ్యి కుదరలేదు. తల్లి రోలు ముందు కూర్చుని దెబ్బకు దెబ్బకూ మధ్య శ్వాస విడిచే తీరు చిన్నప్పుడు చూసింది గుర్తు తెచ్చుకుని, అలాగే విడిచాడు. నాలుగో రోజు అంకప్ప టైల్సు పని మానుకుని, రెండో ఉలి తీసుకుని పక్కన కూర్చున్నాడు.

"నాకు మీ సామితో వ్యవహారం లేదు బావా. ఇది మా అత్త సుత్తి, అందుకోసరం" అన్నాడు.

ఇరవై ఏడో తేదీ ఇంజినీరు కారు వచ్చి ఆగింది. అప్పటికి మూడో వంతు హాలు చింతపండు రంగులో గరుగ్గా ఉంది, మిగతాది అద్దంలా మెరుస్తోంది. ఇంజినీరు మెరిసే పక్కన నిలబడి తల పట్టుకున్నాడు.

"ఇది పోసింది ఎవరు?"

"నేనే సార్."

"మరి పాడు చేస్తోంది?"

"అదీ నేనే."

ఆయన మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. కారు మలుపు తిరిగేదాకా కన్నప్ప చూస్తూ నిలబడ్డాడు. బాధ పడలేదని చెబితే అబద్ధం. ఆ మధ్యాహ్నం అన్నం కేరియరు మూత తీయలేదు. పొద్దు వాలాక మళ్ళీ కూర్చున్నాడు. మొత్తం పద్దెనిమిది వందల చదరపుటడుగులు, ముప్పై నాలుగు రోజులు. ముంగిలికీ కక్కు కొట్టి, పైన తాటాకు పందిరి వేయించాడు. గుడియాత్తం నుంచి రాయవేలూరు దాకా అంత పెద్ద గచ్చుకు అతుకు లేకుండా పూత పోసినవాడూ లేడు, పెచ్చు ఊడకుండా కక్కు కొట్టినవాడూ లేడు. రెండూ ఒకే చేతి పనులు.

పాదం నిలిచింది. జూలై పద్నాలుగు ఆదివారం చౌడమ్మ వచ్చింది. చెప్పులతో ముంగిలి దాటి, వాకిట్లో ఆగి, కిందికి వంగి మసక కళ్ళతో చాలాసేపు చూసింది.

"కుప్పమ్మ చెయ్యి కదా ఇది" అంది.

"ఆయమ్మ సుత్తి అవ్వా. చెయ్యి నాది. అంత బాగా రాలేదు."

"నువ్వు కొట్టినావా? మేస్త్రీవి!" ఆమె నవ్వింది. "పోనీలే, పప్పు నలుగుతాది."

ముందుకు వచ్చి కూర్చోమని చెంగమ్మ చెయ్యి పట్టి పిలిచింది. చౌడమ్మ రానంది. "వాకిలి పక్క గాలి బాగుంటాది తల్లీ. ముందరికొస్తే పాస్టరయ్య గొంతు చెవులు కొడతాది." అందుకని చెంగమ్మే పోయి ఆ చివరి చాప మీద కూర్చుంది. తరువాతి వారం గుణశేఖర్ తల్లి కూర్చుంది. ఆ చాపకు ఇప్పుడు చోటు చాలక పక్కన ఇంకొకటి పరిచారు. రొట్టె, రసం పుచ్చుకునే వేళ మాత్రం చౌడమ్మ ముందుకు వస్తుంది. రబ్బరు చెప్పు గరుకు నేల మీద పడే చప్పుడు బలిపీఠం దాకా వినపడుతుంది. అది ఆగేదాకా పాస్టరయ్య గిన్నె ఎత్తడు.

కన్నప్ప ఇప్పటికీ ప్రతి ఆదివారం వాకిట్లోనే ఉంటాడు, నిలబడి కాదు. చిన్న పీట వేసుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని, చౌడమ్మ పాదాలు ఒకటొకటిగా తొడ మీద పెట్టుకుని చూస్తాడు. ముల్లు, బొబ్బ, చీలిక ఏదైనా ఉంటే అక్కడే మందు. ఆ పని ఇంకెవరికీ ఇవ్వడు. "బావా, ఇప్పుడు బోర్లా పడుకోకుండానే పరీక్ష చేస్తాండావే" అంటాడు అంకప్ప. శెట్టి మీసం కథ మాత్రం మానలేదు, అడిగితే చాలు. అయితే ఇప్పుడు కథ మొదట్లోనే "రోళ్ళు కొట్టే కుప్పమ్మ కొడుకును నేను" అని చెప్పి మొదలుపెడతాడు.

చౌడమ్మ రోలుకు కక్కు పడింది. ఆసుపత్రిలో ఆమె పక్కమంచం ఆవిడది ఆలంగాయం. జవ్వాదు కొండల కింద అక్కడ నయమైనవాళ్ళవి పద్నాలుగు ఇళ్ళున్నాయని, అన్నీ మట్టి నేలలేనని, వానకు జారి పడుతుంటారని ఆవిడ చెప్పింది. కన్నప్ప ఈ 1998 ఫిబ్రవరిలో అంకప్పను, ఆ సంచిని తీసుకుని అక్కడికి పోయాడు. పద్నాలుగు ఇళ్ళకూ గచ్చు పోసి, కక్కు కొట్టి వస్తానని. పన్నెండు అయ్యాయని పోయిన వారం ఉత్తరం వచ్చింది. హోటలు పనికన్నా ఇరవై ఆరు గదులు తక్కువేనని అంకప్ప పక్కన గిలికాడు.

ఇక్కడ మట్టల ఆదివారం ఊరేగింపు ఏప్రిల్ అయిదున. కొబ్బరి మట్ట పట్టుకుని ముంగిలి నుంచి నాలుగు రోడ్ల దాకా నడుస్తానని ఈసారి చౌడమ్మ పట్టుబట్టింది. ఆయన లేనన్ని వారాలూ పాదాలు చెంగమ్మే చూస్తోంది. కానీ అంత దూరం నడిచేముందు మాత్రం మేస్త్రీయే చూడాలని ముసలామె పంతం. "వాడు చూసి సరే అంటేనే నేను గేటు దాటేది. యాడుండాడో కబురు పెట్టండి" అంది. కబురు వెళ్ళింది, జవాబు కూడా వచ్చింది. ఏప్రిల్ నాలుగు, శనివారం, సాయంత్రం బస్సు.